వాన, నియాన్ లైట్లు సరే, పుస్తకం చదివారా?

తెలుగులో డిస్టోపియా (భయపెట్టే భవిష్యత్తు లోకం) సినిమాలు తీయాలనుకుంటున్న దర్శకులకు, రచయితలకు, వాటి మీద డబ్బు పెట్టే నిర్మాతలకు

నమస్కారం.

‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్‌లో వచ్చిన దగ్గర్నుంచి భవిష్యత్తు కథ అంటే మన నిర్మాతలు కనీసం కూర్చుని వింటున్నారు. అంతకుముందు ‘ఇవన్నీ మన బీ, సీ సెంటర్లలో ఎక్కవండీ’ అని ఇంటర్వెల్ దాకా కూడా విననిచ్చేవారు కారు. ఈ మార్పు మంచిదే. నా బాధ ఆ సిట్టింగుల్లో జరిగే పని గురించి. ల్యాప్‌టాప్ తెరవగానే రిఫరెన్సులు మొదలవుతాయి. ‘బ్లేడ్ రన్నర్’ వాన, నియాన్ బోర్డులు. తర్వాత ‘మ్యాడ్ మ్యాక్స్’ ఎడారి. పైన గాల్లో డబ్బున్నవాళ్ల కోట, కింద మురికిలో జనం. కాన్సెప్ట్ ఆర్టిస్టు వాటికే కొంచెం రంగు మార్చి, కింద ‘హైదరాబాద్, 2150’ అని రాసి పంపిస్తాడు. అందరికీ నచ్చేస్తుంది. ఆ సినిమాల వెనుక ఉన్న పుస్తకాలేమిటి, వాటిని రాసినవాళ్లు దేనికి భయపడి రాశారు అని మాత్రం ఎవరూ అడగరు.

ముందు ‘బ్లేడ్ రన్నర్’ సంగతే చూద్దాం, ఎందుకంటే మీ అందరి హార్డ్ డిస్కుల్లో ఉన్నది అదే. దాని మూలం 1968లో అచ్చయిన ఫిలిప్ కె. డిక్ ‘డూ ఆండ్రాయిడ్స్ డ్రీమ్ ఆఫ్ ఎలక్ట్రిక్ షీప్?’ నవల. సినిమా చూసి ఆ పుస్తకం తెరిచినవాళ్లకు ముందుగా ఆశ్చర్యం కలిగించేది దుమ్ము. అణుయుద్ధం తర్వాత మిగిలిన రేడియోధార్మిక ధూళి అది. దానికి మొదట గుడ్లగూబలు చచ్చిపోయాయి, తర్వాత మిగతా జంతువులు. అందుకే ఆ లోకంలో బతికున్న జంతువును పెంచుకోవడం పరువుకు సంబంధించిన విషయం. హీరో డెకార్డ్ దగ్గర ఉన్నది కరెంటుతో నడిచే నకిలీ గొర్రె. పక్కింటాయనకు నిజమైన గుర్రం ఉంది, పైగా అది చూలుతో ఉంది. తన గొర్రె నకిలీదని తెలిస్తే తల ఎక్కడ పెట్టుకోవాలని డెకార్డ్‌కు దిగులు. పారిపోయిన ఆండ్రాయిడ్లను చంపితే వచ్చే డబ్బుతో ఒక నిజమైన జంతువును కొనుక్కోవాలన్నది అతని ఆశ. ఎంత మధ్యతరగతి ఆశో చూడండి.

ఆ కథకు విత్తనం ఎక్కడ పడిందో డిక్ స్వయంగా చెప్పాడు. మరో నవల కోసం నాజీల కాగితాలు చదువుతుంటే, పోలండ్‌లో పనిచేసిన ఒక నాజీ అధికారి డైరీ ఆయన కంటపడింది. ఆకలితో ఉన్న పిల్లల ఏడుపుల వల్ల తమకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని ఆ అధికారి అందులో విసుక్కున్నాడు. చూడ్డానికి మనిషే, లోపల మాత్రం ఎదుటివాడి బాధ తగిలే చోటే లేదు. ఆండ్రాయిడ్ అంటే డిక్ దృష్టిలో అదీ. సినిమాలో ఆండ్రాయిడ్లను పట్టుకునే పరీక్ష ఒకటుంటుంది కదా, అందులో ప్రశ్నలు చాలావరకు జంతువుల గురించే ఎందుకుంటాయని ఎప్పుడైనా అనుకున్నారా? ఎడారిలో వెల్లకిలా పడి కొట్టుకుంటున్న తాబేలు, దూడ తోలుతో చేసిన పర్సు. పుస్తకం తెలిసినవాళ్లకు ఆ ప్రశ్నల్లో ఆ కథ మొత్తం వినబడుతుంది. తెలియనివాళ్లకు అదొక వింత ఇంటర్వ్యూ.

సినిమా దర్శకుడు రిడ్లీ స్కాట్ ఆ దుమ్మును, గొర్రెను వదిలేశాడు. వదిలేసి వాటి స్థానంలో తనదైన సరుకు పెట్టాడు. ఆయన ఇంగ్లండ్ ఈశాన్యంలో ఉక్కు, రసాయన కర్మాగారాల దగ్గర పెరిగినవాడు. సినిమా మొదట్లో చీకట్లోంచి ఆకాశంలోకి ఎగజిమ్మే మంటలు ఆ కర్మాగారాలను చూసి వచ్చినవే. విశాఖలో రిఫైనరీ మంటలు చూస్తూ పెరిగినవాళ్లు, 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరికి జనం రోడ్ల మీద కుప్పకూలిన దృశ్యాలు టీవీలో చూసినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. మీరు ‘బ్లేడ్ రన్నర్’ కథ నడిచే లాస్ ఏంజెలెస్ వానను అరువు తెచ్చుకోవడం నాకు అర్థం కాదు.

డిక్ 1982 మార్చిలో పోయాడు. సినిమా ఆ జూన్‌లో వచ్చింది. అప్పుడు విలియం గిబ్సన్ తన మొదటి నవల ‘న్యూరోమాన్సర్’ రాస్తున్నాడు. ‘బ్లేడ్ రన్నర్’కు వెళ్లి దాదాపు 20 నిమిషాలు చూసి థియేటర్‌లోంచి బయటికి వచ్చేశాడు, తన నవలను జనం ఈ సినిమాకు కాపీ అంటారేమోనన్న టెన్షన్‌తో. అయినా రాశాడు. 1984లో వచ్చిన ఆ నవల 1999 నాటి ‘మ్యాట్రిక్స్’కు దారి వేసింది. ‘మ్యాట్రిక్స్’ తీసిన వాచోవ్‌స్కీలు నిర్మాతకు తమ ఆలోచన చెప్పడానికి జపాన్ యానిమేషన్ సినిమా ‘ఘోస్ట్ ఇన్ ది షెల్’ వేసి చూపించారు. రిఫరెన్స్ చూపించడం తప్పని నేను అనడం లేదని గమనించాలి. వాళ్లు చూపించారు, చూపించినదాంతో ఆగిపోలేదు.

‘1984’ రాసిన జార్జ్ ఆర్వెల్ దగ్గరికి వస్తే కథ ఇంకా మనకు దగ్గరవుతుంది. ఆయన పుట్టింది బిహార్‌లోని మోతిహారిలో, 1903లో. తండ్రి బ్రిటిష్ సర్కారు నల్లమందు శాఖ ఉద్యోగి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1941 నుంచి 1943 దాకా, ఆర్వెల్ లండన్ బీబీసీలో ఇండియాకు వెళ్లే ప్రసారాలు చూసేవాడు. సెన్సారు ఒప్పుకున్న మాటే గాల్లోకి వెళ్లే ఆ ఉద్యోగం, ఆ నాసిరకం క్యాంటీన్, జనం ప్రతి కదలికనూ కనిపెట్టే నియంతృత్వం కథ అయిన ‘1984’ నవలలోకి నడిచి వెళ్లాయి. ఆ నవల రాసే ముందు రష్యన్ రచయిత జమ్యాతిన్ నవల ‘మేము’ చదివి 1946లో సమీక్ష కూడా రాశాడు. 1920 ప్రాంతంలో రాసిన ఆ నవలను సోవియట్ యూనియన్‌లో అచ్చు వేయడానికి 1988 దాకా పట్టింది.

‘1984’ను బీబీసీ 1954 డిసెంబరులో టీవీ నాటకంగా వేస్తే అది పార్లమెంటు దాకా వెళ్లింది. మైఖేల్ రాడ్‌ఫర్డ్ సినిమా 1984లోనే, నవలలో కథ నడిచే నెలల్లోనే లండన్ చుట్టుపక్కల తీశారు. అందులో హీరో విన్‌స్టన్ స్మిత్‌గా నలిగిపోయిన జాన్ హర్ట్, సుమారు 20 ఏళ్ల తర్వాత ‘వి ఫర్ వెండెట్టా’లో గోడంత తెర మీంచి అరిచే నియంతగా కనబడ్డాడు. ఈ జానర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన క్యాస్టింగ్ ఇది.

కానీ ‘1984’ పిల్లల్లో గొప్పది టెర్రీ గిలియమ్ తీసిన ‘బ్రెజిల్’ అంటాను. అది తీసేటప్పటికి గిలియమ్ ఆ నవల చదవలేదట! ఒక దశలో సినిమాకు ‘1984½’ అని పేరు పెట్టాలనుకున్న మనిషి మరి. ఇది నా వాదనకు ఎదురు తిరుగుతున్నట్టు అనిపించవచ్చు. అనిపించనివ్వండి. నవల చదవకపోయినా ఆయనకు దేని మీద కోపమో ఆయనకు తెలుసు: ఫారాలు, రసీదులు, సంతకాలు, తప్పు చేసి ఒప్పుకోని ఆఫీసులు. సినిమా మొదట్లో ఒక గుమాస్తా ఈగను కొడతాడు, అది టైపు మిషన్లో పడుతుంది, ‘టటిల్’ అని పడాల్సిన పేరు ‘బటిల్’ అని పడుతుంది. పోలీసులు బటిల్ ఇంటి పైకప్పుకు కన్నం వేసుకుని దిగి, పెళ్లాం బిడ్డల ముందు అతన్ని గోతాంలో కుక్కి తీసుకుపోతారు. పోతూ పోతూ భార్య చేత రసీదు మీద సంతకం పెట్టించుకుంటారు.

ఇది లండన్ స్టూడియోలో పుట్టిన వెర్రి ఊహ అనుకుంటున్నారా? తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. రకరకాల శాఖల రికార్డులు కలిపి ఏ కుటుంబం పథకాలకు అర్హమో తేలుస్తుంది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కుకుని బతికిన ఒక మనిషికి కారు ఉందని అది తేల్చింది. నిజానికి ఆ కారు ఆయన పేరును పోలిన పేరున్న ఇంకొకరిది. ఆ కుటుంబానికి సబ్సిడీ బియ్యం రాకుండా పోయాయి. 2016 నుంచి రాష్ట్రంలో రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని సుప్రీంకోర్టు 2022లో చెప్పాల్సి వచ్చింది. టటిల్, బటిల్ కథ మన సివిల్ సప్లయిస్ ఆఫీసు వరండాలో నడుస్తోంది. దీన్ని తీయడానికి గాల్లో ఎగిరే కార్లు అక్కర్లేదు. ఒక కౌంటరు, ఒక వేలిముద్ర మిషను, ‘సర్వర్ డౌన్’ అనే మాట ఉంటే చాలు.

నిర్మాతలతో ఇక్కడే ఒక మాట. ‘బ్రెజిల్’ ముగింపు దిగులుగా ఉందని అమెరికాలో యూనివర్సల్ స్టూడియో అధిపతి సిడ్ షీన్‌బర్గ్ సినిమాను ఆపేశాడు. సుఖాంతంతో ఇంకో ఎడిటింగ్ చేయించాడు. గిలియమ్ ‘వెరైటీ’ పత్రికలో ఒక పూర్తి పేజీ కొని, మధ్యలో నాలుగు ముక్కలు వేయించాడు: నా సినిమా ఎప్పుడు విడుదల చేస్తారు అని. అంతకన్నా పొట్టి బహిరంగ లేఖ నేను చూడలేదు, నాది చూస్తున్నారుగా. లాస్ ఏంజెలెస్ విమర్శకులు అమెరికాలో విడుదల కాకముందే దానికి ఉత్తమ చిత్రం అవార్డు ఇచ్చేశారు. స్టూడియో దిగిరాక తప్పలేదు. ‘బ్లేడ్ రన్నర్’కూ ఇదే గతి పట్టింది. ప్రివ్యూ చూసినవాళ్లకు అర్థం కాలేదని హీరో చేత వాయిస్ ఓవర్ చెప్పించి, చివర్లో పచ్చటి కొండలు అతికించారు. ఆ కొండలు దర్శకుడు కూబ్రిక్ ‘ది షైనింగ్’ కోసం తీయించి వాడకుండా వదిలేసిన ఫుటేజ్. 1992లో ఆ రెండూ తీసేశాకే జనం ఇప్పుడు పూజించే ‘బ్లేడ్ రన్నర్’ బయటపడింది. ఇక ఆర్వెల్ ఇంకో పుస్తకం ‘యానిమల్ ఫామ్’ నుంచి తీసిన 1954 కార్టూన్ సినిమాలో చివర జంతువులు పందుల మీద తిరగబడతాయి. పుస్తకంలో అలా లేదు. ఆ సినిమాకు రహస్యంగా డబ్బిచ్చింది అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ. ముగింపు మార్చమనే నిర్మాతలు మన దగ్గరే ఉన్నారని ఇన్నాళ్లూ తిట్టుకున్న రచయితలకు ఇది కాస్త ఊరట.

మన ప్రేక్షకులు ఏడుపు ముగింపు చూడరన్న మాట మాత్రం నాతో అనకండి. ‘దేవదాసు’ను, ‘మరో చరిత్ర’ను నెత్తిన పెట్టుకున్నది ఈ ప్రేక్షకులే.

ఇప్పుడు జపాన్. కౌషున్ తకామి నవల ‘బ్యాటిల్ రాయల్’ 1999లో వచ్చింది. ఒక హైస్కూలు క్లాసును ద్వీపంలో వదిలి, ఒక్కరు మిగిలే దాకా చంపుకోమంటుంది ప్రభుత్వం. మరుసటి ఏడాదే దాన్ని సినిమాగా తీసిన కింజి ఫుకసాకుకు అప్పటికి 70 ఏళ్లు. గ్యాంగ్‌స్టర్ సినిమాలు తీసి పేరు తెచ్చుకున్న పెద్దాయన, బడి పిల్లల నవల ఎందుకు పట్టుకున్నాడు? 1945లో ఆయనకు 15 ఏళ్లు. క్లాసు క్లాసునే ఆయుధాల ఫ్యాక్టరీలో పనికి పెట్టారు. ఫ్యాక్టరీ మీద దాడి జరిగితే పిల్లలు ఒకరి కింద ఒకరు దాక్కున్నారు. అయిపోయాక చచ్చిపోయిన తోటివాళ్ల శవాలను ఎత్తిపోసే పని కూడా బతికిన పిల్లలదే. పెద్దవాళ్లు చెప్పిందంతా అబద్ధమని ఆ రోజు అర్థమైందని ఆయన తర్వాత చెప్పాడు. తకామి నవల చదివినప్పుడు ఆ ముసలాయనకు కనబడింది తన క్లాసు. నవలలో ఉన్న ఊహాలోకపు నియంతృత్వాన్ని పక్కన పెట్టి, ఉద్యోగాలు లేక, పిల్లలంటే భయపడే పెద్దలున్న దగ్గరి భవిష్యత్తు జపాన్‌ను పెట్టుకున్నాడు. ఆ సినిమా మీద జపాన్ పార్లమెంటులో గొడవ జరిగింది. హాలీవుడ్ దర్శకుడు టరాంటినో దాన్ని తన ఇష్టమైన సినిమాల్లో అగ్రస్థానంలో పెట్టి, అందులో నటించిన చియాకి కురియామాను ‘కిల్ బిల్’లోకి తీసుకున్నాడు.

ఆ పుస్తకం నీడ కొరియా దాకా పాకింది. 2008 ప్రాంతంలో హ్వాంగ్ డాంగ్ హ్యుక్ అనే దర్శకుడు చేతిలో డబ్బు లేక, కామిక్స్ అద్దెకిచ్చే కెఫేల్లో కూర్చుని ‘బ్యాటిల్ రాయల్’ లాంటివి చదువుతూ గడిపాడు. నేనే ఈ ఆటలో ఉంటే ఏమయ్యేవాణ్ణి అనుకున్నాడు. ద్వీపం, బడిపిల్లలు పోయి అప్పుల్లో మునిగిన నడివయసు మనుషులు వచ్చారు. తుపాకుల స్థానంలో తను చిన్నప్పుడు సందుల్లో ఆడిన ఆటలు పెట్టాడు. హీరో గతానికి 2009లో ఒక కార్ల కంపెనీ కార్మికుల సమ్మెను, దాన్ని పోలీసులు అణిచిన తీరును వాడుకున్నాడు. సుమారు పదేళ్లు ఎవరూ ముట్టుకోని ఆ స్క్రిప్టు 2021లో ‘స్క్విడ్ గేమ్’ అయింది. సుజాన్ కాలిన్స్ అయితే, పిల్లలను టీవీ షో కోసం చంపుకోమనే తన నవల ‘హంగర్ గేమ్స్’ రాసి ఇచ్చే దాకా ‘బ్యాటిల్ రాయల్’ పేరే వినలేదంది. ఆ కథ తట్టినప్పుడు, టీవీ చానళ్లు మారుస్తుంటే ఒకదాంట్లో రియాలిటీ షో, ఇంకోదాంట్లో ఇరాక్ యుద్ధం కలిసిపోయి కనబడ్డాయట. ఆమె నవలలోని మూడు వేళ్ల సెల్యూట్ సినిమా ద్వారా నిరసన గుర్తుగా 2014లో థాయ్‌లాండ్ వీధుల్లోకి వచ్చింది. సైనిక ప్రభుత్వం ఆ సైగ చేసినవాళ్లను పట్టుకుపోయింది.

మన విషయానికొస్తే, చేతిలో ఏమీ లేకుండా లేము. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ తీశారు. దానికి స్ఫూర్తి హెచ్.జి. వెల్స్ 1895 నాటి నవల ‘ది టైమ్ మెషిన్’. వెల్స్ భవిష్యత్తులో కార్మికుల సంతతి భూమి కింద బతుకుతుంది. ఆయన తల్లి ఒక జమీందారీ బంగళాలో పనిచేసేది, అక్కడ నౌకర్లు తిరిగేందుకు భూగర్భంలో సొరంగాలు ఉండేవి. సింగీతం గారి 2504లోనూ జనం భూమి కిందే ఉంటారు, అయితే మూడో ప్రపంచ యుద్ధం మిగిల్చిన రేడియేషన్‌కు భయపడి. అదే భూగర్భం, కారణం మారింది. అది ఆ కాలపు భయం. ఆ సినిమాలో అందరికీ గుర్తున్నది కృష్ణదేవరాయల భాగమే, భవిష్యత్తు భాగం గబగబా అయిపోతుందన్నది నా ఫిర్యాదు.

‘కల్కి’ మీద కూడా నా అభిప్రాయం చెప్పాలి కాబట్టి చెబుతాను. ఎండిపోయిన కాశీ, డబ్బున్నవాళ్లుండే కాంప్లెక్స్‌లోకి వెళ్లాలంటే లక్షల యూనిట్లు సంపాదించాలన్న నియమం, ఆడవాళ్లను గర్భాల కోసం ల్యాబుల్లో బంధించడం: ఇవి చూస్తున్నప్పుడు వెన్నులో చలి పుట్టింది. గర్భవతిని కాపాడుకుంటూ వెళ్లే దారిలో పి.డి. జేమ్స్ నవల, కువారోన్ దాన్నుంచి తీసిన ‘చిల్డ్రన్ ఆఫ్ మెన్’ గుర్తొచ్చాయి. తర్వాత హీరో ఎంట్రీ వచ్చింది, కామెడీ వచ్చింది, ఎలివేషన్లు వచ్చాయి, ఆ ల్యాబులోని ఆడవాళ్లు పక్కకు పోయారు. సరోగసీ క్లినిక్కుల వార్తలు చదివే దేశంలో ఆ ల్యాబు ఒక్కటే సినిమాకు సరిపోయే సరుకు. దానికి కాస్త ఎక్కువ సమయం ఇవ్వాల్సింది.

ఇంకో సరుకు చూపిస్తాను. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పులతో వచ్చాయి. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు, తర్వాత చూస్తే 99. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. దానికి ముందు, తర్వాత కూడా కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లు ఉన్నాయి: తెల్లవారకముందే స్టడీ అవర్, కిటికీలకు గ్రిల్స్, ర్యాంకుల వారీగా సెక్షన్లు, ఆదివారం పది నిమిషాల ఫోను. ఫుకసాకు ఇక్కడ పుట్టి ఉంటే ద్వీపం కోసం వెతికేవాడు కాడు. ఇందులో చదివి బయటపడ్డవాళ్లే ఇప్పుడు మీ అసిస్టెంట్ డైరెక్టర్లు. ఒకసారి వాళ్లను కూర్చోబెట్టి అడగండి.

పుస్తకాల హక్కులకు ఖర్చవుతుందని కొందరు వెనకాడతారని తెలుసు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లకు కాపీరైట్ ముగుస్తుంది. వెల్స్, జమ్యాతిన్ ఎప్పుడో దాటేశారు. 1950లో పోయిన ఆర్వెల్ పుస్తకాలు 2011 నుంచి ఇక్కడ ఎవరైనా వాడుకోవచ్చు. 1963లో పోయిన, ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ రాసిన హక్స్‌లీవి 2024 నుంచి. డిక్ పుస్తకాలకు మాత్రం 2042 దాటాలి. ఒక మెలిక ఉంది: అమెరికాలో లెక్క వేరు, ‘1984’ నవలకు అక్కడ 2044 చివరి దాకా హక్కులున్నాయి. డాలస్‌లో, న్యూజెర్సీలో ప్రీమియర్లు పడకుండా మన సినిమా బడ్జెట్లు తేలవు కాబట్టి లాయర్ని అడగకుండా ముందుకెళ్లకండి. తెలుగు రచయిత కథ నచ్చితే మాత్రం లాయర్లతో దారులు వెతకొద్దు. ఫోన్ చేసి, డబ్బిచ్చి, టైటిల్స్‌లో పేరు వేయండి.

చదవడానికి టైమ్ లేదంటారా? ‘యానిమల్ ఫామ్’ నూరు పేజీలు దాటితే ఏమంత దాటదు. హైదరాబాద్ నుంచి విజయవాడకు కారులో వెళ్లేలోపు అయిపోతుంది, డ్రైవింగ్ ఇంకొకరికి ఇచ్చేటట్టయితే.

ఇట్లు
మొదటి వారంలో టికెట్ కొనే ఒక ప్రేక్షకుడు